లిథియంతో మెదడు పెరుగుతుందా, స్కాన్‌లోనే అలా కనిపిస్తుందా?

గోదారిగట్టు:
మా తమ్ముడికి బైపోలార్ (మనసు ఒకసారి విపరీతమైన హుషారుకి, ఒకసారి దిగులుకి ఊగే జబ్బు). ఆరేళ్లుగా లిథియం వేసుకుంటున్నాడు, నిలకడగా ఉన్నాడు. మొన్న పెళ్లిలో ఒక బంధువు "ఆ మందు మెదడును తినేస్తుంది" అని అమ్మ చెవిలో వేసి పోయాడు. ఇప్పుడు అమ్మ మాత్రలు మాన్పిద్దామంటోంది. నేను చదివింది సరిగ్గా దీనికి తిరగబడి ఉంది. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మూర్ బృందం రాసింది: పదిమంది పేషెంట్లకి లిథియం ఇచ్చి నాలుగు వారాల తర్వాత మళ్లీ ఎంఆర్ఐ తీస్తే ఎనిమిదిమందిలో గ్రే మ్యాటర్ (మెదడులో నరకణాలు ఎక్కువగా ఉండే భాగం) పెరిగింది, సగటున 3 శాతం. మరి అందరికీ స్కాన్ తీసి, ఇంట్లోవాళ్లకి చూపిస్తే పోలా?

ఫిల్ముల కాలం:
పదిమందేనా! నేను రోజూ ఎంఆర్ఐ తీసేవాణ్ణండి. గ్రే మ్యాటర్ ఎక్కడిదాకా, వైట్ మ్యాటర్ (నరాల తీగలుండే భాగం) ఎక్కడినుంచి అన్నది సాఫ్ట్‌వేర్ సిగ్నల్ తేడా చూసి తేలుస్తుంది. 2013లో న్యూకాజిల్‌లో కజిన్స్ బృందం ఏ జబ్బూ లేనివాళ్లకి లిథియం ఇచ్చి చూసింది. టీ1 అనే సిగ్నల్ గుణమే మారింది. ఒక పద్ధతిలో కొలిస్తే గ్రే మ్యాటర్ పెరిగింది, ఇంకో పద్ధతిలో పెరగలేదు. షాపు లైట్ల కింద కొన్న చీర ఇంటికొచ్చాక రంగు మారినట్టు ఉంటుంది చూడండి, అలాంటిదే ఇది.

గోదారిగట్టు:
సరే, పదిమందిని పక్కనపెట్టండి. చాలాచోట్ల తీసిన స్కాన్లు కలిపి చూసిన 2018 ఎనిగ్మా అధ్యయనంలో 6,503 మంది స్కాన్లు, అందులో 2,447 మంది బైపోలార్ ఉన్నవాళ్లు. జబ్బు లేనివాళ్లతో పోలిస్తే వాళ్ల కార్టెక్స్ (మెదడు పైపొర) కొన్నిచోట్ల పలచగా ఉంది, కానీ లిథియం వాడేవాళ్లలో మందంగా ఉంది. అదీ లైట్ల మాయేనా?

తార్నాక:
ఎనిగ్మా మంచి పనే, కానీ ఒక్కొక్కరినీ ఒక్కసారే చూసింది. లిథియం పడినవాళ్లు కొనసాగిస్తారు, పడనివాళ్లు మానేస్తారు. మందు వల్ల మందం వచ్చిందా, మందం ఉన్నవాళ్లకే మందు పడిందా? (ప్రాస కోసం రాయలేదు!) నాకు ఆసక్తి వేరేచోట. మామూలు ఎంఆర్ఐ హైడ్రోజన్‌ని పట్టుకుంటుంది. వేరే కాయిల్ (సిగ్నల్ అందుకునే తీగచుట్ట) పెడితే లిథియం-7 సిగ్నల్‌నే పట్టుకోవచ్చు, అంటే మందు మెదడులో ఎక్కడ చేరిందో నేరుగా చూడొచ్చు. ప్యారిస్ దగ్గరి న్యూరోస్పిన్ అనే పరిశోధనా కేంద్రంలో 7 టెస్లా మెషిన్‌తో (బాగా బలమైన అయస్కాంతం ఉన్నది) చూస్తే ఎడమ హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలతో పనున్న భాగం) ఎక్కువగా కనిపించింది. మందు ఎవరికి పడుతుందో ముందే తెలుసుకోవడానికి ఇది పనికిరావచ్చు.

ఫిల్ముల కాలం:
రావచ్చు. కానీ ఆ సిగ్నల్ చాలా బలహీనం, మన ఊళ్ల సెంటర్లలో తీసేది కాదు. పైగా మానియాలో, అంటే ఆ విపరీతమైన హుషారు దశలో, ఉన్న మనిషిని ఆ గొట్టంలో కదలకుండా పడుకోబెట్టి చూడండి, తెలుస్తుంది.

ఎర్రటెండ:
పదకొండేళ్లుగా లిథియం మీద ఉన్నదాన్ని. నాకు స్కాన్ ఎవరూ రాయలేదు, రాసింది రక్తపరీక్షే. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇస్తాను. రక్తంలో లిథియం లెవెల్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), థైరాయిడ్ కూడా చూస్తారు. మే నెలలో ఒళ్లు ఎండిపోతే, డాక్టర్‌ని అడక్కుండా ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగితే లెవెల్ పెరిగిపోవచ్చు. ఇక అమ్మగారికి గట్టిగా చెప్పండి: ఉన్నట్టుండి ఆపితే మానియా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

గోదారిగట్టు:
3 శాతం సంగతి అమ్మకి చెప్పను. తమ్ముణ్ణి ఈ ఆరేళ్లలో ఒక్కసారీ అడ్మిట్ చెయ్యలేదని గుర్తుచేస్తా. ఎనిగ్మాని మాత్రం వదలను తార్నాక గారూ, ఆదివారం తీరిగ్గా వస్తా.