హిల్ డ్వార్ఫ్ క్లెరిక్‌కు స్ట్రెంత్ 15 నిజంగా అవసరమా?

తొలిపాత్ర:
నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఐదవ ఎడిషన్‌లో, 2014 నాటి నియమాల ప్రకారం, నా మొదటి పాత్రను తయారు చేసుకుంటున్నాను: హిల్ డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి), లైఫ్ డొమైన్ (వైద్యం వైపు మొగ్గే శాఖ). మా డంజన్ మాస్టర్ (ఆట నడిపే వ్యక్తి) రెండు దారులు చూపించారు. 27 పాయింట్లతో పాత్ర సామర్థ్యాల స్కోర్లు కొనుక్కోవచ్చు, లేదా ఒక్కో స్కోరుకు నాలుగు పాచికలు వేసి, అతి చిన్న అంకెను వదిలేసి, మిగిలిన మూడింటిని కూడుకోవచ్చు; అయితే పాచికలు పట్టుకున్నాక వెనక్కి తగ్గడానికి వీల్లేదన్నారు. పాయింట్లతో నేను వేసుకున్న లెక్క ఇది: స్ట్రెంత్ (బలం) 15, డెక్స్టెరిటీ (చురుకుదనం) 8, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14, ఇంటెలిజెన్స్ (తెలివి) 8, విజ్డమ్ (వివేకం) 15, కరిష్మా (ఆకర్షణ) 10. జాతి వల్ల కలిసివచ్చే అంకెలతో కాన్‌స్టిట్యూషన్, విజ్డమ్ రెండూ 16 అవుతాయి. బరువైన కవచం తొడుక్కుని ముందు వరుసలో నిలబడాలని నా కోరిక. ఈ లెక్క సరిపోతుందా, లేక పాచికలనే నమ్ముకోమంటారా?

ఇనుపకవచం:
కాన్‌స్టిట్యూషన్, విజ్డమ్ చక్కగా కుదిరాయి, వాటి జోలికి వెళ్లకండి. లోటు స్ట్రెంత్‌లో ఉంది. ఆడేటప్పుడు మీరు పాచికకు కలుపుకునేది స్కోరును కాదు, మాడిఫయర్‌ను. స్కోరులోంచి 10 తీసేసి, సగం చేసి, భిన్నం వస్తే కిందికి సవరించుకోవాలి. కాబట్టి 14కైనా 15కైనా వచ్చేది +2 మాత్రమే. ధర మాత్రం వేరు: 14కు 7 పాయింట్లు, 15కు 9. ప్లేట్ కవచానికి స్ట్రెంత్ 15 ఉండాలని చదివి మీరు ఆ అంకె వేసి ఉంటారు. ఆ షరతు తీరకపోతే జరిగేది వేగం 10 అడుగులు తగ్గడమే, పైగా బరువైన కవచం వల్ల డ్వార్ఫ్‌ల వేగం తగ్గదని జాతి లక్షణాల్లోనే రాసి ఉంది. స్ట్రెంత్‌ను 14కు దించి, మిగిలిన 2 పాయింట్లతో డెక్స్టెరిటీని 10 చేసుకోండి. మీ కవచానికి దానితో పని లేకపోయినా, ఇనిషియేటివ్‌లోనూ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే పాచిక), ఫైర్‌బాల్ మంత్రం మీద పడినప్పుడు తప్పించుకోవడానికి వేసే సేవింగ్ త్రోలోనూ −1 పీడ వదులుతుంది.

మూడోవరుస:
నేనైతే ఇంకొంచెం ముందుకు వెళ్తాను. మీ క్లెరిక్ తన వంతు వచ్చినప్పుడు ఏం చేస్తాడో ఊహించుకోండి. బ్లెస్ అనే దీవెన మంత్రం వేసి ముగ్గురు సహచరులకు అండగా ఉంటాడు. ఆ మంత్రం ఆగిపోకుండా, దెబ్బ తగిలినప్పుడల్లా కాన్సన్‌ట్రేషన్ (ఏకాగ్రత) నిలబెట్టుకోవాలి, మామూలు దెబ్బకు లక్ష్యం 10 కాబట్టి, కాన్‌స్టిట్యూషన్ 16 ఇచ్చే +3తో ఇరవై ముఖాల పాచికపై 7 పడితే చాలు. సేక్రెడ్ ఫ్లేమ్ అనే దాడి మంత్రాన్ని శత్రువు తప్పించుకోవాల్సిన లక్ష్యాన్ని మీ విజ్డమే నిర్ణయిస్తుంది, అది మొదటి లెవెల్‌లో 13. మూడో లెవెల్‌లో వచ్చే స్పిరిచువల్ వెపన్ (మంత్రంతో పుట్టే ఆయుధం) కూడా విజ్డమ్‌తోనే కొడుతుంది. ఇక స్ట్రెంత్‌కు మిగిలేది వార్‌హ్యామర్ (యుద్ధ సుత్తి) ఒక్కటే. అందుకని స్ట్రెంత్ 10, కరిష్మా 14గా తారుమారు చేస్తే ఖర్చు మారదు, గ్రామపెద్దతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మీ పూజారి తల దించుకోనక్కర్లేదు. అయితే సేక్రెడ్ ఫ్లేమ్ గాయానికి మాడిఫయర్ కలవదు. సుత్తితో కొట్టడంలోనే మీకు సరదా అనిపిస్తే ఇనుపకవచం గారి లెక్కే మేలు.

పాతపాచిక:
పాచికల సంగతి చెబుతాను. ఆ పద్ధతిలో ఒక్కో స్కోరు సగటు 12.24, ఆరింటికీ కలిపి 73 పైచిలుకు. రూల్‌బుక్ ఇచ్చే స్టాండర్డ్ అరే (ముందే నిర్ణయించిన ఆరు స్కోర్లు) మొత్తం 72. సగటులో తేడా స్వల్పమే కానీ, ఆడేది సగటుతో కాదు కదా. ఒక క్యాంపెయిన్‌లో (నెలల తరబడి సాగే కథలో) నాకు పడిన అతి పెద్ద అంకె 13, నా పక్కన కూర్చున్నాయనకు 18, 17 పడ్డాయి. తాళం తీసేదీ ఆయనే, గోడెక్కేదీ ఆయనే. ఎనిమిది నెలలు నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. 1974లో ఆట మొదలైనప్పుడు మూడే పాచికలు వేసి, పడిన వరుసలోనే స్కోర్లు రాసుకునేవారు, కానీ అప్పట్లో వాటి ప్రభావం చాలా తక్కువ. ఇప్పుడు ప్రతి దెబ్బలోనూ అవి కనిపిస్తాయి. మీకు ఇప్పటికే ఒక పాత్ర మనసులో ఉంది కాబట్టి పాయింట్లతోనే వెళ్లండి.

తొలిపాత్ర:
ముగ్గురికీ ధన్యవాదాలు. జాతి లక్షణాల్లోని ఆ వాక్యాన్ని నేను అసలు గమనించలేదు. పాయింట్లతోనే స్ట్రెంత్ 14, డెక్స్టెరిటీ 10 అని రాసుకున్నాను. మూడోవరుస గారూ, మీ వాదన సబబే కానీ, సుత్తి మీద మోజు పోవడం లేదు.