మానిటర్ ఉన్నట్టుండి నల్లబడిపోతోంది, ముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. మా 27 అంగుళాల మానిటర్ పది రోజులుగా ఉన్నట్టుండి నల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్లీ వస్తోంది. ఆ సమయంలో పాట ఆగదు, మానిటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి సిస్టమ్ ఆగిపోవడం లేదు. టార్చి వేసి చూశాను, తెర మీద బొమ్మ లీలగా కూడా లేదు. అంటే బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే దీపం) ఒక్కటే పోవడం కాదనుకుంటున్నాను.

సీపీయూ నుంచి మానిటర్‌కి బొమ్మ తెచ్చే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ 3 మీటర్లది. రిఫ్రెష్ రేటు (తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) 144 హెర్ట్జ్ నుంచి 60కి దించితే చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా తేడా లేదు.

నన్ను బాగా తికమక పెడుతున్నది ఒకటుంది. కుర్చీలోంచి లేచినప్పుడే ఎక్కువసార్లు పోతోంది! ఎత్తు పెంచుకునే, దించుకునే గ్యాస్ లిఫ్ట్ కుర్చీల్లో పుట్టే స్టాటిక్ కరెంటు కేబుల్ సిగ్నల్‌ని చెడగొడుతుందని చదివాను. పైగా మా గదిలో ఎర్తింగ్ మీద నాకు అనుమానమే, సీపీయూ డబ్బా ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది.

ముందు పొట్టి, మంచి కేబుల్ కొనాలా, లేక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించాలా? వచ్చే వారం చెల్లికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.