మావాణ్ణి సీఎస్‌ఈలో చేర్చమంటారా? ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయన్న భయం నిజమా, మనుషుల్ని తీసెయ్యడానికి కంపెనీల సాకా?

సపోర్ట్ ప్రాజెక్ట్ నాన్న:
హైదరాబాద్‌లో సపోర్ట్ ప్రాజెక్ట్ నాది. కిందటేడు పద్నాలుగు మందిమి, ఇప్పుడు తొమ్మిది మందిమి. కాంట్రాక్టు రెన్యువల్‌కి కూర్చోగానే క్లయింటు అడిగింది ఒకటే: ఏఐ వాడుతున్నారుగా, రేటెంత తగ్గిస్తారు? ఇంతలో మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో సీఎస్‌ఈ వచ్చే ర్యాంకు వచ్చింది. ఇంట్లో అందరికీ పండగ, నాకే నిద్ర పట్టట్లేదు. వెబ్ ఆప్షన్లకు ఇంకా మూడు రోజులే టైం.

ఉట్టి సాకు:
సాకేనండీ. 2025 జులైలో టీసీఎస్ 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు, తీసేస్తామన్నప్పుడు అంతా ఏఐ అనే గోల పెట్టారు. సీఈఓ కృతివాసన్ మాత్రం ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు కుదరకే అన్నారు. వేటు పడింది ఎక్కువగా మిడిల్, సీనియర్ లెవెల్ వాళ్ల మీద. అంతకు నెల ముందే బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఏడాదికి 35 రోజులు దాటకూడదని రూలు పెట్టారు. కోవిడ్‌లో ఎగబడి తీసుకున్నారు, 2022 నుంచి అమెరికాలో వడ్డీలు పెరిగి క్లయింట్లు చెయ్యి బిగించారు. ఇంకోటి: ఎంఈటీఆర్ అనే సంస్థ 2025లో 16 మంది అనుభవమున్న డెవలపర్లను పరీక్షిస్తే, ఏఐతో పని 19 శాతం ఆలస్యమైంది. వాళ్లేమో 20 శాతం త్వరగా అయిందనుకున్నారు!

2024 బ్యాచ్:
అన్నా, ఆ పదహారు మందీ తమ కోడ్ కంఠస్థం వచ్చినవాళ్లు. నా సంగతి చెప్పు. ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని పదకొండు నెలలు కూర్చున్నా. చేరాక నాకిచ్చినవి యూనిట్ టెస్టులు (కోడ్‌ని ముక్కముక్కగా పరీక్షించేవి), చిన్న బగ్గులు. ఇప్పుడవి కూడా ఏఐ టూల్‌కే ఇస్తున్నారు, నేను 'రివ్యూ' చేయాలట. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2025 ఆగస్టులో జీతాల లెక్కలు తీసి చూస్తే, 22 నుంచి 25 ఏళ్ల డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరితో పోలిస్తే దాదాపు 20 శాతం తగ్గాయి. సాకైతే అందరికీ తగ్గాలిగా?

ఉట్టి సాకు:
అది అమెరికా లెక్క తమ్ముడూ. అయినా చిన్నవాళ్లకే దెబ్బ అన్నమాట కాదనను.

మైత్రివనం రోజుల వాడు:
ఇద్దరూ ఒక ముక్క వదిలేశారు. మన కంపెనీలు అమ్మింది కోడ్ కాదు, తలలు. గంటకింత అని బిల్లు. పైన ఒక ఆర్కిటెక్టు, కింద పదిమంది ఫ్రెషర్లు, ఆ కింది వరసలోనే లాభం. ఐదుగురి పని ముగ్గురితో అయిపోతే మిగిలింది క్లయింటు జేబులోకి పోతుంది. సొంత ప్రోడక్ట్ ఉన్న కంపెనీకైతే ఆ మిగులు తనదే. అందుకే ఒకే టూల్ ఒకచోట వరం, మన దగ్గర టెన్షన్.

నేను 2004లో అమీర్‌పేటలో జావా నేర్చుకుని వచ్చినవాణ్ణి. నిజం చెప్పాలంటే వచ్చింది సగమే, మిగతాది క్లయింటు డబ్బుతో నేర్చుకున్నా. మొన్న రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో, అంటే క్లయింటు నిజంగా వాడే సిస్టంలో, బ్యాచ్ జాబ్ (రోజూ ఒక టైంకి తనంతట తనే నడిచే ప్రోగ్రాం) పడిపోయింది. టూల్ రాసిచ్చిన ఫిక్స్ చూడ్డానికి ముచ్చటగా ఉంది, టెస్టులూ పాసయ్యాయి. అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పే రోజు ఆ జాబ్ రెండుసార్లు నడుస్తుందని నాకెందుకు తట్టిందంటే, 2009లో నేనే ఆ తప్పు చేసి మేనేజర్ చేత అక్షింతలు వేయించుకున్నా కాబట్టి.

2024 బ్యాచ్:
మరి నేను ఆ తప్పు ఎవరి డబ్బుతో చేయాలి గురూగారూ?

మైత్రివనం రోజుల వాడు:
దానికి నా దగ్గర జవాబు లేదయ్యా. రివ్యూకొచ్చినదాన్ని సరే అనేసే ముందు ఒకసారి నీ చేత్తో రాసి చూడు. ఆఫీసు టైంలో కుదరదని తెలుసు.

సపోర్ట్ ప్రాజెక్ట్ నాన్న:
ఇదంతా మావాడికి చదివి వినిపించా. ఈఈఈ పెడదామా అంటే, "నాన్నా, ఈఈఈ చదివిన మీరెక్కడ పనిచేస్తున్నారు?" అన్నాడు. సీఎస్‌ఈ మొదట పెట్టాం. ఏఐ-ఎంఎల్ బోర్డు తగిలించిన సీట్ల జోలికి మాత్రం, ఆ కాలేజీలో పాఠం చెప్పేదెవరో తెలుసుకున్నాకే. ఇద్దరు సీనియర్లకు ఫోన్ చేశా, ఒకరు ఎత్తారు.