ఎన్‌డీ (నాన్-డిటెక్ట్, అంటే పదార్థం దొరకలేదు) వచ్చిన చోట ఫలితం గడి ఖాళీగా ఉంచాలా, లిమిట్ వేయాలా?

భూజలం:
నియంత్రణ సంస్థకు పంపే ఎలక్ట్రానిక్ ఫైలులో, అంటే మనం ఈడీడీ అనేదాంట్లో, ఎన్‌డీ వరుసల గురించే ఈ ప్రశ్న. నీటి నమూనాలో బెంజీన్ దొరకలేదు, రిపోర్టింగ్ లిమిట్ (ల్యాబ్ నమ్మకంగా అంకె ఇవ్వగల కనిష్ఠ స్థాయి) లీటరుకు 0.50 మైక్రోగ్రాములు అనుకుందాం. ఫలితం గడిలో కొందరు "<0.50" అని రాస్తారు. కొందరు 0.50 వేసి క్వాలిఫయర్ కాలమ్‌లో, అంటే ఫలితం పక్కన గుర్తులు రాసే కాలమ్‌లో, దొరకలేదని చెప్పే "యు" పెడతారు. కొందరు సగం లెక్కన 0.25 వేస్తారు. సున్నా వేసేవాళ్లూ ఉన్నారు.

సంస్థ తన ఫార్మాట్‌లో ఫలానాలా ఇవ్వమంటే వాదనే లేదు, అలాగే ఇవ్వాలి. మన దగ్గర ఉండే మూల పట్టిక సంగతే నేను అడుగుతున్నది, ఎందుకంటే దాని నుంచే రెండు మూడు ఫార్మాట్ల ఫైళ్లు తీస్తాం. నా మట్టుకు ఫలితం గడి ఖాళీగా ఉండాలి, "దొరికిందా" అనే కాలమ్‌లో "కాదు" అని ఉండాలి, లిమిట్ దాని సొంత కాలమ్‌లో ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి నీటి నాణ్యత డేటా ఫార్మాట్ డబ్ల్యూక్యూఎక్స్ పద్ధతీ ఇంచుమించు ఇదే: దొరకలేదన్న స్థితి ఒకచోట, లిమిట్ రకం, విలువ, యూనిట్ మరోచోట.

ల్యాబ్‌బల్ల:
భూజలం గారూ, ఖాళీ గడి ప్రమాదం. సీసా పగిలిందా, పరీక్షే చేయలేదా, చేస్తే దొరకలేదా అన్నది ఆ ఖాళీ చెప్పదు. పైగా సగటు తీసే ఫార్ములాలు ఖాళీ గడులను దాటేస్తాయి. నాలుగు నమూనాల్లో మూడు ఎన్‌డీ, ఒకటి 8 అయితే సగటు 8 అని చూపిస్తుంది. ఎక్కువసార్లు శుభ్రంగా తేలిన బావి ఎప్పుడూ కలుషితమైనట్టు కనబడుతుంది. 0.50 వేసి "యు" పెడితే వరుస కళ్లెదుటే ఉంటుంది, ఏ లిమిట్ దగ్గర ఎన్‌డీ అన్నదీ తెలుస్తుంది. నేను దానికే మొగ్గుతాను.

క్యూసీ_కన్ను:
ఆ 0.50 మాత్రం ఎంతవరకు భద్రం? గ్రాఫ్ గీసే మనిషి ఫలితం కాలమ్ ఒక్కటే తీసుకుంటాడు, "యు" అక్కడే మిగిలిపోతుంది. ఇక డైల్యూషన్, అంటే నమూనాను పలుచన చేసే సంగతి చూడండి. నమూనాను 10 రెట్లు డైల్యూట్ చేస్తే లిమిట్ 5.0 అవుతుంది. అమెరికాలో తాగునీటిలో బెంజీన్ గరిష్ఠ పరిమితి సరిగ్గా లీటరుకు 5 మైక్రోగ్రాములు. క్వాలిఫయర్ రాలిపోయిన 5.0 గ్రాఫులో పరిమితిని తాకిన శిఖరంలా నిలబడుతుంది, నిజానికి అక్కడ బెంజీన్ దొరకనే లేదు. 20 రెట్లయితే 10, పరిమితికి రెట్టింపు! ఖాళీ గడి వల్ల లెక్క చెడితే గడులు తక్కువయ్యాయని ఎవరో ఒకరు అడుగుతారు. తప్పుడు అంకెను ఎవరూ అడగరు.

పరీక్ష చేయలేదన్న అనుమానానికి జవాబు సులువే. చేయని పరీక్షకు ఫలితాల పట్టికలో వరుసే ఉండకూడదు. దాని కారణం నమూనా పట్టికలో ఉండాలి.

సగటుమనిషి:
రిస్క్ అసెస్‌మెంట్ చేసేటప్పుడు ఏదో ఒక అంకె కావాలి కదండీ. సగం లిమిట్ వేసి పంపితే అందరికీ పని తగ్గుతుంది.

క్యూసీ_కన్ను:
లెక్కలో వేసుకోండి, డేటాలో వద్దు. 0.25 అని ఒకసారి పడ్డాక అది కొలిచిందా, పెట్టిందా అని ఎవరూ చెప్పలేరు. లిమిట్ నమూనా నమూనాకూ మారుతుంటే సగం లిమిట్ కూడా మారుతుంది. అప్పుడు గ్రాఫులో కనిపించే ఎగుడుదిగుళ్లు బావివి కావు, ల్యాబ్ డైల్యూషన్‌వి. లిమిట్లు పలు రకాలుగా ఉన్నప్పుడు కప్లాన్-మేయర్ లాంటి గణాంక పద్ధతులున్నాయి. వాటికి కావలసింది అసలు లిమిట్, దొరికిందా లేదా అన్న గుర్తు, అంతే.

భూజలం:
ఏ లిమిట్ అన్నది కూడా తేల్చాలి. ఎమ్‌డీఎల్ (పరీక్ష పద్ధతి పదార్థాన్ని గుర్తించగల కనిష్ఠ స్థాయి), రిపోర్టింగ్ లిమిట్ రెండింటికీ వేర్వేరు కాలమ్‌లు కావాలి. ఈపీఏ పద్ధతిలో కనీసం 7 స్పైక్ నమూనాలు, అంటే పదార్థాన్ని తెలిసిన మోతాదులో కలిపినవి, నడుపుతారు. సరిగ్గా 7 అయితే, వాటి ప్రామాణిక విచలనాన్ని 3.143తో గుణిస్తే స్పైక్‌ల నుంచి వచ్చే ఎమ్‌డీఎల్. 2017 సవరణ తర్వాత బ్లాంక్‌ల (పదార్థం కలపని నమూనాల) నుంచి కూడా ఒకటి లెక్కించి, రెండిట్లో పెద్దది తీసుకోవాలి. ఎమ్‌డీఎల్‌కూ రిపోర్టింగ్ లిమిట్‌కూ మధ్య పడిన 0.32 లాంటి విలువ ఎన్‌డీ కాదు. అది దొరికినట్టే, అంచనా విలువ అని చెప్పే "జె" గుర్తుతో అంకె ఉండాల్సిందే. కొన్ని ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని రిపోర్టింగ్ లిమిట్ దగ్గర ఎన్‌డీగా కోసేస్తాయి, ఆ సెట్టింగు చూసుకోవాలి.

మట్టి నమూనాల్లో ఇంకో తప్పు తరచూ వస్తుంది. తేమ 20 శాతం ఉంటే 0.040 లిమిట్ పొడి బరువు మీద 0.040 ÷ 0.80, అంటే 0.050 అవ్వాలి. ఫలితాన్ని దిద్ది లిమిట్‌ను దిద్దకుండా వదిలేస్తే ఒకే వరుసలో తడి బరువు, పొడి బరువు లెక్కలు రెండూ కలిసిపోతాయి.

ల్యాబ్‌బల్ల:
"<0.50" మాత్రం ఎవరూ వాడొద్దు, ఇందులో నాకు సందేహం లేదు. ఆ గుర్తు ఒక్కటి పడితే చాలా సాఫ్ట్‌వేర్లు కాలమ్ మొత్తాన్నీ టెక్స్ట్‌గా చదువుతాయి, అప్పుడు వరుసలు పేర్చితే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది.

అలాగే సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. వినైల్ క్లోరైడ్ క్యాస్ నంబరు (రసాయనాల గుర్తింపు సంఖ్య) 75-01-4, ట్రైక్లోరోఎథిలీన్ 79-01-6. రెండూ తేదీలుగా మారిపోతాయి, సేవ్ కొడితే మళ్లీ రావు. 0.50 కూడా 0.5 అవుతుంది, కొలత ఖచ్చితత్వం పోయినట్టే. డేటా ఇంపోర్ట్ ద్వారా, ఆ కాలమ్‌లకు టెక్స్ట్ రకం ఇచ్చి తెరవాలి. క్యాస్ నంబరులో చివరి అంకె తనిఖీ అంకె. బెంజీన్ 71-43-2 తీసుకుంటే, ఆ చివరి అంకె వదిలి కుడి నుంచి 3×1 + 4×2 + 1×3 + 7×4 = 42, చివరి అంకె 2. పంపేముందు ప్రతి వరుసకూ ఈ లెక్క నడిపితే పాడైన నంబర్లు బయటపడతాయి.

ఖాళీ గడికి నేను ఒప్పుకోవాలంటే ఒక షరతు. "దొరికిందా" కాలమ్ ఖాళీగా ఉన్నా, "కాదు" అని ఉండి లిమిట్ లేకపోయినా, "అవును" అని ఉండి ఫలితం లేకపోయినా ఫైలు అక్కడే ఆగిపోవాలి. ఈ మూడు తనిఖీలు లేనిచోట నేను 0.50, "యు" మీదే ఉంటాను.

క్యూసీ_కన్ను:
షరతు న్యాయమైనదే. నాలుగోది కలపండి. టోలుయిన్ కాలిబ్రేషన్ పరిధి (పరికరం సరిగ్గా కొలవగల మేర) దాటితే నమూనాను 20 రెట్లు డైల్యూట్ చేసి మళ్లీ నడుపుతారు. బెంజీన్ మొదటిసారి 0.50 దగ్గర ఎన్‌డీ, రెండోసారి 10 దగ్గర ఎన్‌డీ. రిపోర్టు చేయదగిన వరుస బెంజీన్‌కు మొదటి రన్‌ది, టోలుయిన్‌కు రెండో రన్‌ది. ఒకే నమూనా, ఒకే పద్ధతి, ఒకే పదార్థం, ఒకే ఫ్రాక్షన్ (కరిగినదా, మొత్తమా అన్నది) కింద "రిపోర్టు చేయదగినది" అన్న వరుస ఒకటికి మించితే ఆ ఫైలు కూడా ఆగాలి.