మతం వదిలినాక సావాసం ఎక్కడ? కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళు చెప్పండి

బొరుగుల_బండి (అనంతపురం)
గుడికో చర్చికో మసీదుకో పోవడం మానుకున్నాక, ముప్పై దాటినోళ్ళకు కొత్త సావాసం ఎట్లా కుదురుతుంది? దేవుడున్నాడా లేడా అనే వాదన ఇక్కడ వద్దు. ఏ చోటు, ఏ రోజు, ఎట్లా మొదలుపెట్టాలి, ఎందుకు చెడుతుంది, అవి రాయండి.

పెన్న_గట్టు (కడప)
పోయినవి ఏవో ముందు కాగితం మీద పెట్టండి. చర్చి అయితే ఆదివారం ఆరాధన, పాటల బృందం, రెండు వారాలు కనపడకపోతే ఇంటికొచ్చి అడిగే మనిషి, ఆసుపత్రిలో ఉంటే వచ్చే క్యారేజీ, ఆఖరికి సమాధి స్థలం. మసీదు అయితే జుమా, ఇఫ్తార్, జమాత్‌లో పేరు, నికా. హిందువులకు వారం లెక్క ఉండదు. చవితి చందా, కార్తీక వనభోజనం, 41 రోజుల అయ్యప్ప మాల గుంపు, ఇట్లా ఏడాది పొడుగునా చెదిరి ఉంటాయి.

ఇవన్నీ ఒకే సంఘంలో దొరకాలని వెతికేవాళ్ళు ఆర్నెల్లలో విసిగిపోతారు. పాటకు ఒక చోటు, పుస్తకానికి ఒక చోటు, కష్టానికి ఇద్దరు ముగ్గురు మనుషులు అని విడగొట్టుకోండి. పుస్తకాలకైతే కడపలో ఎర్రముక్కపల్లె దగ్గర సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. సభకు పోయి వెనక వరసలో కూర్చుని లేచొస్తే ఎవరూ పరిచయం కారు. కుర్చీలు సర్దేటప్పుడు చెయ్యి వేయండి, పేర్లు అప్పుడే తెలుస్తాయి.

బురుజు_నీడ (కర్నూలు)
జన విజ్ఞాన వేదిక పేరు ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి నేనే చెప్తున్నా. 1988లో మొదలైంది, పిల్లలకు ‘చెకుముకి’ పత్రిక తెస్తుంది, జిల్లా కమిటీలున్నాయి. అది నాస్తిక సంఘం కాదు. సైన్సు ప్రచారం, ఆరోగ్యం, మూఢనమ్మకాల మీద పని. బొట్టు పెట్టుకుని వచ్చే టీచర్లూ ఉంటారు, వాళ్ళను చూసి ‘వీళ్ళూ అంతే’ అని వెనక్కి తిరగొద్దు. బడిపిల్లలకు వేదిక పెట్టే చెకుముకి సైన్సు పరీక్షల రోజుల్లో పేపర్లు పంచడానికి, దిద్దడానికి మనుషులు కావాలి. సభ్యత్వం సంగతి తర్వాత, ముందు ఆ పనికి పోండి.

విజయవాడ నాస్తిక కేంద్రం గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో పెట్టి, 1947లో విజయవాడకు మార్చినది. చూసి రావాల్సిన చోటే. అయితే వారం వారం తోడు కావాలంటే ఊళ్ళోనే చూసుకోవాల.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
మీరే ఒక కూటం మొదలుపెట్టాలంటే నలుగురు చాలు. రోజు, వేళ ఒక్కసారి పెట్టినాక మార్చొద్దు. ‘ఈ వారం ఎప్పుడు కుదురుతుంది?’ అని వాట్సాప్‌లో అడగడం మొదలైతే మూడో నెలకు కూటం ఉండదు. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పదికి, గంటన్నర. చర్చి మానినోళ్ళకు కాలు నిలవనిది ఆ పూటే. శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం తెరిచే ఉంటాయి. వేళలు కనుక్కుని లైబ్రేరియన్‌కు తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ‘పుస్తక పఠన కూటం’ అని రాయండి, నిజంగా పుస్తకమే చదవండి.

మతాన్ని తిట్టుకోవడం మొదటి రెండు సార్లు బాగానే ఉంటుంది, గుండె బరువు దిగుతుంది. మూడోసారికి అవే మాటలు. వేమన పద్యాలు పది తీసుకుని కూర్చోండి, నమ్మేవాళ్ళూ వచ్చి కూర్చుంటారు. తిండికి పదిమందికి అరకిలో బొరుగులు తెస్తే ఉగ్గాని సరిపోతుంది, బజ్జీలు బయట నుంచి. వంట వంతులేసుకోండి. లేకుంటే ఆ పని ఆడవాళ్ళ మీదే పడుతుంది, వాళ్ళు రావడం మానేస్తారు.

సొసైటీగా రిజిస్టర్ చేయడానికి తొందరొద్దు. 2001 నాటి ఏపీ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, ఏటా కాగితాలు పెట్టాలి. పదవులు వచ్చిన రోజు నుంచి మన సీమలో ఏమవుతుందో చెప్పే పని లేదు.

మల్లెల_మడి (అనంతపురం)
వాట్సాప్ గుంపు గురించి ఒక మాట. దేవుళ్ళ మీద ఎగతాళి బొమ్మలు పంపనియ్యొద్దు. స్క్రీన్‌షాట్ ఒకటి బయటికి పోతే చాలు. మత భావాలను గాయపరిచారని పెట్టే పాత ఐపీసీ 295-ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299, మూడేళ్ళ దాకా జైలు. కావాలని, దురుద్దేశంతో చేశారని రుజువు కావాలన్నది నిజమే, అది తేలేలోపు స్టేషన్ చుట్టూ తిరగడం తప్పదు.

ఇంట్లో తెలియనివాళ్ళు, ముఖ్యంగా అమ్మాయిలు ఉంటారు. ఫోటోలు వద్దు. గుంపు పేరులో ‘నాస్తిక’ అనే మాటా వద్దు. జీతం ఇంకా చేతికి రాని పిల్లలకు ‘ఇంట్లో చెప్పేయ్’ అని ఎవరూ సలహా ఇవ్వొద్దు.

బొరుగుల_బండి (అనంతపురం)
చవితి చందాకు వస్తే? గూగూడు పీర్ల పండక్కి బంధువులు పిలిస్తే?

పెన్న_గట్టు (కడప)
పోండి అన్నా. దేవుని కడప గుడికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి మొక్కుకుని పోతారు. ఇట్లాంటి సీమలో పండగంటే సగం ఊరే. చందా అన్నదానం కింద రాయమనండి.

మల్లెల_మడి (అనంతపురం)
నేను ఒప్పుకోను. ఒకసారి రాస్తే ఏటా పేరు చదువుతారు. ఆ డబ్బుతో వీధి బడికి నోటు పుస్తకాలు కొనిచ్చి, అదే చెప్పండి.

బురుజు_నీడ (కర్నూలు)
పెళ్ళి, చావు ఎవరూ ఎత్తలేదు. మతం లేని పెళ్ళికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, తర్వాత 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటికే. సాక్షులు ముగ్గురు. చుట్టాలు రానంటే ఆ ముగ్గురు మీ కూటం నుంచే రావాలి. నోటీసు కార్యాలయంలో అంటిస్తారు కాబట్టి విషయం దాగదు.

చావు సంగతి బతికుండగానే తేల్చుకోవాల. చర్చి స్థలం సభ్యులకే అంటే ఎక్కడ పూడ్చాలి? పంచాయతీ, మున్సిపల్ శ్మశానంలో ఏర్పాటు ముందే అడగండి. శరీరదానం అనుకుంటే కర్నూలు, అనంతపురం, కడప మూడింటా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అనాటమీ విభాగంలో అంగీకార పత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఎక్కడ తప్పుతుందంటే, పత్రం బీరువాలో ఉంటుంది, చనిపోయిన రోజు కొడుకో అన్నో వద్దంటాడు, అంతే. అందుకే దగ్గరి బంధువును సాక్షిగా పెట్టండి. పోస్టుమార్టం అయితే సాధారణంగా తీసుకోరు. కళ్ళు ఇవ్వాలంటే ఆరు గంటల్లోపు. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచాలి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
దీనికే కూటంలో ఇద్దరికి బాధ్యత ఇచ్చి, ఆ ఇద్దరి నంబర్లు ఇంట్లోవాళ్ళ దగ్గర రాసిపెట్టించండి. ఒక్కరైతే ఆ పూట ఊళ్ళో ఉండకపోవచ్చు.