శనివారం సన్ బక్స్ అప్లికేషన్ల క్యాంప్: హాల్ కుదరదన్నారు, వెంటనే చూడండి

వాణి, 2025 జులై, బుధవారం రాత్రి 9:12
సన్ బక్స్, అంటే వేసవిలో పిల్లల సరుకుల కోసం ప్రభుత్వం కార్డులో వేసే డబ్బు, దానికి మనవాళ్ల చేత అప్లై చేయించే క్యాంప్‌కి శనివారం హాల్ లేదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. తమ ఆవరణలో జనాల జీతం వివరాలు తీసుకుంటే ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. మూడు వారాల క్రితం సరే అన్నదీ వాళ్లే. మనం ఎవరి కాగితాలూ దగ్గర పెట్టుకోం, ఎవరి ఫోన్లో వాళ్లే నింపుకుంటారు, పక్కన కూర్చుని చెప్తామంతే అని అరగంట బతిమాలాను. కమిటీలో నిర్ణయం అయిపోయింది అన్నారు.
లిస్టులో మిగిలినవి: బ్యానర్, ఆరు టేబుళ్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వంద కరపత్రాలు, చిన్నపిల్లలు ఆడుకునే మూల, ఉప్మా, టీ. రేపు మధ్యాహ్నానికల్లా చోటు తేలకపోతే వీటిలో ఏదీ ముందుకు కదలదు.

కిరణ్, 9:20
అక్కా, బ్యానర్ ప్రింట్‌కి వెళ్లిపోయింది. దాని మీద హాల్ అడ్రసే ఉంది. ఆపమని మెయిల్ పెట్టాను. లైబ్రరీ గదుల సంగతి పొద్దున్నే కనుక్కుంటాను.

రమేష్, 9:41
నోవైలో ఒక హోటల్‌కి ఫోన్ చేశాను. మీటింగ్ రూమ్ సగం రోజుకి 450 డాలర్లు. ఈ క్యాంప్ కింద మన దగ్గర ఉన్నది 300. మిగతాది నేను వేసుకోగలను కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఒక్కో పిల్లకి వచ్చేది 120 డాలర్లు. దాదాపు నలుగురు పిల్లల వేసవి సరుకుల డబ్బు ఒక పూట గది అద్దెకి పోతుంది.
ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మిషిగన్‌లో గవర్నమెంట్ స్కూలు పిల్లలందరికీ భోజనం ఉచితమే కదా. మరి ఇది కూడా అందరికీ దానంతట అదే రాదా?

వాణి, 9:58
రాదు రమేష్ గారూ. ఈ ఒక్క అపోహ వల్లే మనవాళ్లు ఎక్కువమంది వదిలేసుకుంటున్నారు. 2023లో బడి తెరిచినప్పటి నుంచి ఇక్కడ అందరికీ ఉచిత భోజనం వచ్చింది, నిజమే. దాంతో ఆదాయం ఫారం నింపే అలవాటు పోయింది. సన్ బక్స్‌కి మాత్రం ఆదాయం చూస్తారు. స్నాప్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం) లాంటివి ఇప్పటికే ఉన్న ఇళ్లకి దానంతట అదే వస్తుంది. హెచ్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకి స్నాప్ ఉండదు కాబట్టి వాళ్లలో చాలామంది పేర్లు ప్రభుత్వం దగ్గరున్న జాబితాల్లో ఉండవు. వాళ్లు అప్లై చేస్తేనే వస్తుంది, లేకపోతే లేదు.
2025 జులై 1 నుంచి నలుగురున్న ఇంటికి పరిమితి ఏడాదికి 59,478 డాలర్లు, పన్ను కోతకి ముందు. ముగ్గురుంటే 49,303. ఐదుగురికి 69,653. పోయినేడాది టాక్స్ రిటర్న్‌లో ఎంత ఉందని కాదు, ఇప్పుడు ఇంట్లోకి ఎంత వస్తోందని అడుగుతారు. మార్చిలో ఏడాదికి లక్ష డాలర్ల జీతం ఉండి, మేలో ఉద్యోగం పోయినవాళ్లు కూడా అప్లై చేయొచ్చు.

శేషు గారు, 10:15
ఆదివారం బోనాలకి పార్కులో షెల్టర్ బుక్ చేసి ఉంది కదా. మూడు వందల మంది వస్తారు. అక్కడే ఒక మూల టేబుల్ వేస్తే ఖర్చూ ఉండదు, హాలూ అక్కర్లేదు.

పద్మ, 10:22
బాబాయ్ గారూ, వద్దండి. బోనం ఎత్తుకుని వచ్చిన ఆడపిల్ల, ఆ మూల టేబుల్ దగ్గరికి వెళ్లి నా మొగుడికి ఉద్యోగం లేదు అని అంతమంది ముందు కూర్చుంటుందా? నేనైతే కూర్చోను.

శేషు గారు, 10:40
కూర్చోదు అని మీరే అంటున్నారు. అంటే అంత అవసరం ఉన్నవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో కూడా ఆలోచించండి. ముందు నుంచీ నా భయం ఒకటే. వీసా మీద ఉన్నవాళ్ల చేత మన అసోసియేషన్ పేరు మీద ప్రభుత్వ సాయానికి అప్లై చేయిస్తున్నాం. రేపు గ్రీన్ కార్డు దగ్గర అడ్డుపడితే ఎవరు జవాబు చెప్తారు? మీరా, నేనా? హాల్ వాళ్లు కుదరదన్నారంటే వాళ్లకీ ఏదో అనుమానం ఉండే ఉంటుంది.

కిరణ్, 10:47
ఎంతమంది ఉన్నారో తెలియాలంటే మీరుండే వీధి దాటి రావాలి శేషు గారూ. మా అపార్ట్‌మెంట్ బ్లాకులోనే మూడు ఇళ్లున్నాయి. మూడు వారాలుగా ఒక్క మీటింగ్‌కీ రాకుండా ఇవాళ వచ్చి భయపెట్టడం బాగాలేదు.

రమేష్, 10:50
కిరణ్, ఆగు. పెద్దాయనతో ఆ మాట తీరేంటి?

కిరణ్, 10:52
సరైన మాటే అన్నాను. పోయిన వారం మా మరదలు డాలస్ నుంచి ఫోన్ చేసి, ఇదంతా ఫ్రాడ్ లింకు, మాకు అలాంటిదేమీ లేదు అని చెప్పింది. దాంతో మా బ్లాకులో ఇద్దరు వెనక్కి తగ్గారు. ఇప్పుడు మనలో మనమే ఇలా అంటే ఇంకెవరు నింపుతారు?

వాణి, 11:05
డాలస్‌లో లేదన్నది నిజమే. 2025 వేసవికి టెక్సాస్ ఈ పథకంలో చేరలేదు. జార్జియా, ఫ్లోరిడా కూడా లేవు. అందుకే అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉన్న చుట్టాలని అడిగితే అబద్ధం అంటారు. మిషిగన్ మాత్రం 2024లో మొదలైన మొదటి వేసవి నుంచే ఉంది. లింకు మాత్రం రాష్ట్ర ప్రభుత్వ సైట్ నుంచే తెరవమని చెప్పండి, ఫార్వర్డ్ అయ్యి వచ్చినవి వద్దు.
శేషు గారూ, మీ భయం చిన్నది కాదు, అందుకే జాగ్రత్తగా చెప్తున్నాను. పబ్లిక్ ఛార్జ్ అంటే, ప్రభుత్వ సాయం మీదే బతుకుతారనిపిస్తే గ్రీన్ కార్డు ఇవ్వకపోవడం. ఇప్పుడు, 2025లో, అమల్లో ఉన్న 2022 నియమం ప్రకారం దాని కింద చూసేవి రెండే. ఇల్లు గడవడానికి ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం ఒకటి, ప్రభుత్వ ఖర్చుతో సంస్థల్లో దీర్ఘకాలం ఉంచి చూసుకోవడం రెండోది. పిల్లల ఆహార సాయం ఆ లెక్కలోకి రాదు. సన్ బక్స్‌కి పౌరసత్వం అడగరు, పిల్లల వీసా ఏదైనా ఫర్వాలేదు. అయినా ఎవరికైనా అనుమానం ఉంటే ముందు వాళ్ల లాయర్‌ని అడగమందాం. ఎవర్నీ తొందరపెట్టొద్దు.

సునీత, 11:48
ఈ గ్రూపులో నేను ఎప్పుడూ రాయలేదు. పోయిన వేసవి మేము అప్లై చేశాం. మావారిది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం), నాకు పని చేసే వీసా లేదు, ఇద్దరు పిల్లలు. 240 డాలర్లు వచ్చాయి. కార్డు పోస్టులో వచ్చింది. ఇండియన్ స్టోర్లో ఆ కార్డు తీసుకుంటారో లేదో తెలియక మొదటి రెండు వారాలు వాడలేదు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్లి అడిగాను. తీసుకున్నారు. కందిపప్పు, బియ్యం, పాలు, అరటిపళ్లు, మా పెద్దదానికి ఇష్టమని ఒక డబ్బా మామిడిపళ్లు కొన్నాను. ఆ వేసవిలో పళ్లు లెక్కపెట్టకుండా కొన్నది ఆ ఒక్కసారే.
నేను ఫారం నింపింది రాత్రి పదకొండున్నరకి, పిల్లలు పడుకున్నాక, వాణి అక్కతో ఫోన్లో. హాల్లో అయితే వచ్చేదాన్ని కాదు. శేషు గారు అన్నారని కాదు, నిజంగానే వచ్చేదాన్ని కాదు.

పద్మ, గురువారం ఉదయం 6:30
సునీతా, రాత్రి నీ మాట చదివాక నిద్ర పట్టలేదు తల్లీ.
లేచి నా దగ్గరున్న పేర్లు చూసుకున్నాను. పదకొండు ఇళ్లు. అందులో నలుగురు హోటల్ కిచెన్లలో పనిచేసేవాళ్లు. వాళ్లకి శనివారం మధ్యాహ్నమే ఊపిరాడని పని. ఒక పూజారి గారి కుటుంబం ఉంది, శనివారం ఆయన గుడి వదిలి రారు. స్టోర్లో క్యాష్ కౌంటర్ దగ్గర ఉండే అమ్మాయిదీ అంతే. హాల్ ఇచ్చి ఉంటే మనం ఆరు టేబుళ్లు వేసుకుని, ఉప్మా వండుకుని, వీళ్లలో ఒక్కరూ రాకుండానే ఇంటికి వచ్చేవాళ్లం. ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

రమేష్, 7:45
పదకొండు ఇళ్లు అంటే ఫోన్లో అయిపోతుంది కదా అక్కా? ఒక్కొక్కరం ఇద్దరు ముగ్గురిని పంచుకుందాం. నాకు రాత్రి తొమ్మిది తర్వాత ఎంతసేపైనా పర్వాలేదు.

పద్మ, 7:52
ఆరుగురికి ఫోన్ చాలు. మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాలి. కిచెన్లో పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఖాళీ ఉంటుంది. స్టోర్ ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడాను, వెనక సామాన్ల గదిలో రెండు కుర్చీలు వేసుకోమన్నాడు. వచ్చినవాళ్లు సరుకులకి వచ్చినట్టే ఉంటుంది.

కిరణ్, 8:10
లైబ్రరీలో గదులు ఆగస్టు దాకా లేవు. స్టోర్ దగ్గర ఇవాళ మూడింటికి నేను ఉంటాను, లంచ్ టైమ్ అటు జరుపుకుంటాను.
శేషు గారూ, రాత్రి మీ వీధి గురించి అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే.

శేషు గారు, 9:05
సరే నాయనా. నేను మీటింగులకి రాలేదు, అదీ నిజమే.
నా అభిప్రాయం ఒక విషయంలో మారలేదు. పోస్టర్ మీద "ఉద్యోగం పోయినవారి కోసం" అని పెద్ద అక్షరాలతో వేశారు, అది తీసేయండి. సునీతమ్మ రాసింది చదివాక ఇంకా గట్టిగా చెప్తున్నాను. రెండోది, మా పక్కింటాయన ఇమ్మిగ్రేషన్ లాయర్. వాణి రాసిన పబ్లిక్ ఛార్జ్ మాట ఆయనకి చదివి వినిపించాను. ఇప్పటి నియమం అదేనన్నారు. రూల్స్ మారొచ్చు కాబట్టి గ్రీన్ కార్డు ఫైల్ చేయబోయేవాళ్లు ఒకసారి తనకి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా చెప్తానన్నారు. నంబర్ పద్మకి పంపాను. ఫార్మింగ్టన్ హిల్స్ వైపు ఎవరినైనా కారులో తీసుకెళ్లాలన్నా, పిల్లల్ని కాసేపు చూసుకోవాలన్నా నేనూ మా ఆవిడా ఉన్నాం.

వాణి, 9:30
చాలా సంతోషం బాబాయ్ గారూ. పోస్టర్ తీసేశాను, కొత్తది వేయడం లేదు.
ఫోన్లు చేసేవాళ్లు ఇవి దగ్గర పెట్టుకోండి. ఇంటికి ఒకటే అప్లికేషన్, అందులోనే పిల్లలందరి పేర్లు. ఒకే ఇంట్లో కలిసి తిని, ఖర్చు పంచుకునే పెద్దవాళ్ల పేర్లు కూడా రాయాలి. పిల్లల స్కూలు పేరు, పుట్టిన తేదీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, అక్కడే తేడా వస్తుంది. అడ్రస్ రెండుసార్లు చదివించండి. జులైలో ఇళ్లు మారేవాళ్లు చాలామంది, కార్డు పాత ఇంటికి వెళ్లిపోతుంది.
డబ్బు కార్డులో పడ్డాక 122 రోజుల్లో వాడేయాలి, మిగిలింది వెనక్కి పోతుంది. వేడివేడిగా వండి అమ్మే తిండికి పనికిరాదు, సబ్బులూ సర్ఫులూ రావు. పప్పు, బియ్యం, కూరగాయలు, పాలు, పెరుగు, గుడ్లు, మాంసం అన్నీ వస్తాయి. కార్డు ఖాళీ అయినా పారేయొద్దని చెప్పండి. పిన్ నంబర్ మాత్రం మనం కూడా వినొద్దు.

కిరణ్, మధ్యాహ్నం 12:15
మా బ్లాకులో విజయవాడ నుంచి జూన్‌లోనే దిగిన కుటుంబం ఒకటి ఉంది. పిల్లలు ఇంకా ఇక్కడ బడిలో చేరలేదు. వాళ్లకి వస్తుందా?

వాణి, 12:24
రాదు, పోయిన స్కూలు సంవత్సరంలో ఇక్కడి బడిలో ఉండి ఉండాలి. కానీ వాళ్లని ఊరికే వదిలేయకు. వేసవి భోజనం పెట్టే చోట్లు స్కూళ్లలో, పార్కుల్లో ఉంటాయి. ఇక్కడ మీట్ అప్ అండ్ ఈట్ అప్ అంటారు. పద్దెనిమిదేళ్ల దాకా ఎవరైనా వెళ్లి తినొచ్చు, ఫారం లేదు, పేరు అడగరు. 211 సహాయ నంబర్‌కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏది ఉందో చెప్తారు. శాకాహారం కావాలంటే ముందే కనుక్కోమను.

సునీత, 1:10
ఆ కుటుంబానికి నేను ఫోన్ చేస్తాను. మా పిల్లలు వెళ్లే చోటు తెలుసు, రేపు కలిసి తీసుకెళ్తాను. ఇంకో ఇద్దరి నంబర్లు కూడా నాకివ్వండి పద్మక్కా. పోస్ట్‌డాక్ ఇళ్లవైతే నాతో తేలిగ్గా మాట్లాడతారు.

రమేష్, 2:05
ఆ 300 అలాగే ఉంది. వంద కరపత్రాలు ఇప్పుడు అక్కర్లేదు కదా. కార్డు వచ్చేలోపు ఈ పదకొండు ఇళ్లకీ ఒక్కో బియ్యం బస్తా స్టోర్ నుంచి పంపిద్దామా? ఓనర్ ఎంతో కొంత తగ్గిస్తాడేమో పద్మక్క అడిగితే మంచిది.

పద్మ, 2:11
అడుగుతాను. బియ్యం ఒక్కటే కాదు, పప్పు కూడా.

కిరణ్, 3:35
స్టోర్ వెనక గదిలో ఉన్నాను. కౌంటర్ అమ్మాయిది అయిపోయింది, ముగ్గురు పిల్లలు, పదిహేను నిమిషాలు పట్టింది. కిచెన్ నుంచి ఇద్దరు వచ్చారు, ఇంకొకతను బయట కారులో కూర్చుని లోపలికి రానంటున్నాడు, అతని దగ్గరికే వెళ్తున్నాను. ఒకాయనకి పే స్టబ్‌లో ఉన్నది ఒకటి, చేతికి వచ్చేది ఒకటి. వాణి అక్కా, ఏది రాయాలి?

వాణి, 3:37
కోతలకి ముందు ఉన్నదే రాయించు. వారానికా, రెండు వారాలకా అన్నది చూసి సరిగ్గా టిక్ పెట్టించు, అక్కడ తప్పు పడితే ఆదాయం రెట్టింపు కనిపిస్తుంది. నేను ఫోన్ దగ్గరే ఉన్నాను.

కిరణ్, 3:52
సరే. నా ఫోన్ ఆరు శాతానికి వచ్చింది. ఐదింటిదాకా ఇంకా ఇద్దరు వస్తామన్నారు. కాంటన్ వైపు ఎవరైనా ఉంటే ఛార్జర్ ఒకటి తెచ్చిపెట్టండి.

శేషు గారు, 3:54
బయలుదేరుతున్నాను. పది నిమిషాలు.