బావిలో నీళ్లున్నా మోటారు ఎత్తడం లేదు: వాక్యూమ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

అనంత సేద్యం:
మాది కళ్యాణదుర్గం వైపు. మా నాయన తవ్వించిన బావి ఉంది, గట్టు మీద 3 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. నిరుడు దాకా బాగానే పోసింది. ఈ ఎండాకాలం నీళ్లు కిందికి దిగినాక, స్విచ్ వేస్తే డెలివరీ పైపు రెండుసార్లు కక్కి ఆగిపోతోంది. బిందెలకు బిందెలు నీళ్లు పంపులో పోసి, గాలి పోగొట్టే ప్రైమింగ్ చేశాను. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ మార్చాను. పంపులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు తప్ప నీళ్లు రావు. 5 హెచ్‌పీ అయితే లాగుతుందని ఒక మెకానిక్ చెబితే అప్పు చేసి తెచ్చి బిగించాను. అదే చప్పుడు. బావిలో రెండు నిలువుల నీళ్లు కనబడుతుంటే పక్కన టమాటా వాడిపోతోంది, చూడలేకపోతున్నాను. ఇది వాక్యూమ్‌కి, అంటే గాలి లేని శూన్యానికి సంబంధించిన సమస్య అని పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి అంటున్నాడు.

కడప ఫిజిక్స్ టీచర్:
అన్నా, మోటారు నుంచి నీటి మట్టం దాకా ఎన్ని అడుగులు? నీళ్లలో మునిగిన పైపును లెక్కలోకి తీసుకోవద్దు.

అనంత సేద్యం:
తాడుకు రాయి కట్టి కొలిచాను సార్. 31 అడుగులు.

కడప ఫిజిక్స్ టీచర్:
మీ అబ్బాయి చెప్పింది నిజం. మోటారు నీళ్లను లాగుతుందని మనమంతా అంటాం కానీ, అది లాగదు. పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, నీళ్లను బయటికి విసిరేస్తుంటే దాని నడుమ పీడనం పడిపోతుంది. ఆ లోటులోకి నీళ్లను ఎక్కించేది బావి నీటి మీద మోపుకుని ఉన్న గాలి బరువు. గాలి ఎంత తోస్తే అంతే ఎక్కుతుంది.

ఎంత తోస్తుందో 1643లోనే టోరిసెల్లీ తేల్చాడు. సముద్ర మట్టం దగ్గర గాలి 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుంది. నీళ్లు పాదరసం కంటే 13.6 రెట్లు తేలిక కాబట్టి సుమారు 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు. అనంతపురం సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైన ఉంది. అక్కడ గాలి కాస్త పలచన, 32-33 అడుగుల కంటే ఎక్కదు. అది కూడా పైపులో పూర్తి శూన్యం ఉంటే. అంతకుముందే పీడనం బాగా తగ్గి, నీళ్లు వేడెక్కకుండానే పంపులో మరుగుతాయి. మీకు వినిపించే గులకరాళ్ల చప్పుడు ఆ ఆవిరి బుడగలు చితికిపోయే చప్పుడే. అలాగే నడిపితే ఇంపెల్లర్‌కు గుంటలు పడతాయి, దయచేసి ఆపేయండి. 20, 22 అడుగులు దాటితే గట్టు మీది మోటారును నమ్ముకోకూడదు. 5 కాదు, 50 హెచ్‌పీ పెట్టినా గాలి బరువు పెరగదు కదా.

గుత్తి రైతు:
మరి మా బోరు 400 అడుగుల నుంచి పోస్తోంది సార్?

కడప ఫిజిక్స్ టీచర్:
మీది సబ్‌మెర్సిబుల్ కదా. అది నీళ్లలోనే మునిగి ఉండి కింది నుంచి పైకి నెడుతుంది. నెట్టడానికి ఈ హద్దు లేదు, మోటారుకు సత్తువ ఉండాలి, అంతే. కంప్రెసర్ పెట్టిన బోర్లలో కూడా గాలిని లోపలికి పంపి, దాంతో నీళ్లను పైకి తేవడమే.

కర్నూలు ఏసీ మెకానిక్:
వేడెక్కకుండా మరగడం అన్నారే, నా పని రోజూ దాని మీదే. ఏసీ బిగించినాక రాగి పైపులకు వాక్యూమ్ పంప్ తగిలించి అరగంట నడుపుతాను. మే నెలలో కర్నూలు ఎండకు, గ్యాస్ తొందరగా వదిలెయ్ అని ఇంట్లోవాళ్లు అంటారు. కొందరు మెకానిక్‌లు కాస్త గ్యాస్ వదిలి, పైపులోని గాలిని దాంతోనే తోసేస్తారు. గాలి పోవచ్చు, తేమ పోదు. ఆ తేమ సన్నని చోట గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను తినేస్తుంది.

పీడనం 32 మిల్లీమీటర్ల పాదరసానికి పడిందంటే 30 డిగ్రీల దగ్గరే నీళ్లు మరుగుతాయి. నేను 500 మైక్రాన్ల దాకా, అంటే అర మిల్లీమీటరుకు దించుతాను. తేమంతా ఆవిరై పంపులోంచి వెళ్లిపోతుంది. తర్వాత వాల్వ్ మూసి పది నిమిషాలు గేజ్ చూస్తూ కూర్చుంటాను. అంకె కొంచెం పైకి వెళ్లి ఒక చోట నిలబడితే ఇంకా తడి ఉన్నట్టు. ఆగకుండా పెరుగుతూనే ఉంటే ఎక్కడో లీకు. ఆ పది నిమిషాలు మీ ముందే చూపించమని అడగండి, మీ డబ్బుకు అది మీ హక్కు.

అనంతపురం మహిళా సంఘం:
మేము శెనక్కాయలు వేయించి వాక్యూమ్ ప్యాకెట్లు కడతాము. మామూలు కవర్లో పోస్తే కొన్నాళ్లకే గాలి తగిలి నూనె చెడి ముక్కువాసన వచ్చేది, తిరిగి వచ్చిన సరుకు చూసి ఏడ్చిన రోజులున్నాయి. మిషన్ మూత తెరిచీ తెరవగానే ప్యాకెట్ ఇటుక మాదిరి బిగుసుకుంటుంది. గింజల ఆకారం ఒక్కొక్కటీ బయటికి తేలుతుంది. అది కూడా గాలి నొక్కడమే అని ఇక్కడ చదివాకే అర్థమయింది.

శెనక్కాయ పొడితోనే కష్టం. గాలి వెళ్లేటప్పుడు పొడి కూడా లేచి సీల్ పడే చోట అంటుకుంటుంది, అక్కడ సీల్ నిలవదు. అంచు గుడ్డతో తుడిచి, పొడి మీద పలచని కాగితం వేసి పెడుతున్నాము. కట్టినవన్నీ ఒక రాత్రి ఉంచి, తెల్లారి వదులైనవి తీసేస్తాము.

ప్రొద్దుటూరు సబ్‌స్టేషన్:
మా దగ్గర 11 కేవీ ఫీడర్లకు, అంటే కరెంటు లైన్లకు, వాక్యూమ్ బ్రేకర్లు. బ్రేకరంటే కరెంటును తెంచే స్విచ్; దీని కాంటాక్టులు గాలి తీసేసిన సీసాలో ఉంటాయి. కాంటాక్టులు విడిపోయేది సుమారు సెంటీమీటరు. గాలిలో అయితే ఆ సందులో లేచే కరెంటు మంట (ఆర్క్) ఆరదు. సీసాలో గాలి లేదు కాబట్టి మంటకు దొరికేది కాంటాక్టుల లోహపు ఆవిరి ఒక్కటే. కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో ఆవిరి చల్లబడి లోహానికే అతుక్కుపోతుంది, మంట చచ్చిపోతుంది. చిక్కేమిటంటే సీసాలో వాక్యూమ్ పోయినా పైకి తెలియదు. కాంటాక్టులు విడదీసి ఎక్కువ వోల్టేజీ పెట్టి పరీక్షించాల్సిందే.

అనంత సేద్యం:
అందరికీ దండాలు. నిన్న పాత 3 హెచ్‌పీ మోటారునే బావిలోని రాతి మెట్టు మీదికి దించాము. అక్కడి నుంచి నీళ్లకు 13 అడుగులు. ఒక్క బిందెతో ప్రైమింగ్ అయింది, చప్పుడు లేదు, పైపు నిండుగా పోసింది. అక్కడి నుంచి గట్టు దాకా నెట్టడం దానికి బరువే కాలేదు. స్టార్టర్ పైనే ఉంచి, ఎర్తింగ్ కొత్తగా వేయించాను. వాన పడితే మోటారు మునగకుండా పైకి ఎత్తడానికి చైను, పుల్లీ కడుతున్నాము.

గుత్తి రైతు:
మంచి పని. ఆయిల్ ఇంజన్ ఉన్నవాళ్లు మాత్రం ఇది చూసి దాన్ని బావిలోకి దించొద్దు. పొగ పైకి రాక లోపలికి దిగిన మనుషులు చచ్చిపోతారు.

అనంత సేద్యం:
నిజం అన్నా. 5 హెచ్‌పీ మోటారును కొట్టువాళ్లు వెనక్కి తీసుకోలేదు. నీళ్లు దగ్గర్లోనే ఉండి, పొలం మిట్ట మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎత్తుకు నెట్టడానికి బాగా పనికొస్తుంది, కొన్న ధరకు తగ్గించే ఇస్తాను.